చుక్కలు ఎక్కడ పెట్టాలి మేస్టారూ? ఎలక్ట్రాన్ చుక్కల బొమ్మ తప్పు లేకుండా వేయడం ఎలా

రసాయన బంధం పాఠం మొదలైన వారానికల్లా నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. గాజువాకలో మా ఇంటికి ట్యూషన్‌కొచ్చే పిల్లలు అడుగుతారు, వాళ్ల అమ్మలు ఫోన్ చేసి అడుగుతారు, సెలవులకొచ్చిన మా మేనకోడలూ అదే అడిగింది. చుక్కలు ఎన్ని పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, పెట్టాక అది కరెక్టో కాదో ఎలా తెలుస్తుంది? మొదటి రెండిటికీ ఏ పుస్తకం తెరిచినా సమాధానం దొరుకుతుంది. అందరూ ఇబ్బంది పడేది మూడోదాని దగ్గరే. అందుకే ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నాను.

ముందే ఒక మాట. ఈ పాఠంలో బొమ్మలు బట్టీ పట్టకండి. మీథేన్ బొమ్మ బట్టీ పట్టినవాడికి పరీక్షలో కార్బన్ టెట్రాక్లోరైడ్ ఇస్తే పెన్ను ఆగిపోతుంది. ఇది డ్రాయింగ్ క్లాసు కాదు, చిల్లర లెక్క. కొట్టు మూసే ముందు గల్లాపెట్టె లెక్క చూసుకుంటారు కదా, అలాగే బొమ్మ మొదలుపెట్టినప్పుడు ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో బొమ్మ పూర్తయ్యాక కూడా సరిగ్గా అన్నే ఉండాలి. ఒకటి తగ్గినా, ఒకటి పెరిగినా ఎక్కడో తప్పు పడినట్టే.

కావలసినవి

- మొదటి 20 మూలకాల పేర్లు, వరుసలో. ఇవి మాత్రం బట్టీ పట్టాల్సిందే, వేరే దారి లేదు.
- రెండు రంగుల పెన్నులు, ఒక పెన్సిల్, రబ్బరు.
- ఓ గుప్పెడు చింతపిక్కలు, ఓ గుప్పెడు చొక్కా బొత్తాలు. నవ్వకండి, ఎందుకో కింద చెబుతాను. శనగలు, పెసలు వద్దు, దొర్లిపోతాయి.
- నాలుగైదు పేపర్ ప్లేట్లు. లేకపోతే కాగితం మీద గుండ్రంగా గీసుకున్నా చాలు.

చివర్లో ఉప్పునీళ్ల పరీక్ష ఒకటి ఉంది, దానికి కావలసినవి అక్కడే చెబుతాను. అది చేయకపోయినా బొమ్మలు వస్తాయి, కానీ చేస్తే బాగుంటుంది.

1. పరమాణు సంఖ్య పట్టుకోండి, ద్రవ్యరాశి సంఖ్య జోలికి పోకండి

సోడియం పక్కన 11 అనీ 23 అనీ రెండు అంకెలు కనిపిస్తాయి. మనకు కావలసింది 11. కేంద్రకంలో 11 ప్రోటాన్లున్నాయి కాబట్టి, ఛార్జి లేని సోడియం పరమాణువులో 11 ఎలక్ట్రాన్లుంటాయి. 23 అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపిన లెక్క, ఈ పనిలో దాంతో మనకు అవసరం లేదు. క్లోరిన్‌కి 17 బదులు 35.5 తీసుకుని "మేస్టారూ, ఈ అర ఎలక్ట్రాన్ ఎక్కడ పెట్టాలి?" అని నిజంగానే ఒకడు అడిగాడు. వాడి తప్పేం లేదు, పట్టికలో పెద్దగా కనిపించిన అంకె రాసేశాడు. గుర్తుపట్టడం తేలికే: రెండిట్లో చిన్నది పరమాణు సంఖ్య. హైడ్రోజన్ దగ్గర మాత్రం రెండూ 1 చుట్టూనే ఉంటాయి కాబట్టి తేడా తెలియదు, అక్కడ తప్పు పోయేదీ లేదు.

2. కర్పరాల్లో సర్దండి

కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లుండే పొరలే కర్పరాలు (షెల్స్). లోపలి కర్పరంలో 2, తర్వాతి దాంట్లో 8, ఆ తర్వాతి దాంట్లో 18 దాకా పడతాయి. సోడియం 2, 8, 1. క్లోరిన్ 2, 8, 7. ఆక్సిజన్ 2, 6. కార్బన్ 2, 4.

పొటాషియం (19) దగ్గర పదిమందిలో ఆరేడుగురు బోల్తా పడతారు. మూడో కర్పరంలో 18 పడతాయని చెప్పారు కదా అని 2, 8, 9 అని రాసేస్తారు. పట్టే చోటు ఉంది నిజమే, కానీ బయటి కర్పరంలో ఎప్పుడూ 8కి మించి ఉండకూడదు. కాబట్టి పొటాషియం 2, 8, 8, 1. కాల్షియం 2, 8, 8, 2. మొదటి 20 మూలకాల వరకు ఈ ఒక్క షరతు గుర్తుంటే చాలు. ఎందుకలా అన్నది ఇంటర్లో ఆర్బిటాళ్ల పాఠంలో చెబుతారు, ఇప్పుడు దాని గురించి టెన్షన్ వద్దు.

సరిచూడటం: రాసిన అంకెలన్నీ కూడితే పరమాణు సంఖ్య రావాలి. రెండు సెకన్ల పని. చాలామంది అదీ చేయరు.

3. బయటి కర్పరం మాత్రమే ఉంచుకుని చుక్కలు పెట్టండి

మూలకం గుర్తు రాయండి. దాని చుట్టూ నాలుగు పక్కలున్నాయి: పైన, కింద, కుడి, ఎడమ. బయటి కర్పరంలోని ఎలక్ట్రాన్లను ముందు ఒక్కో పక్క ఒక్కోటి చొప్పున పెట్టండి, నాలుగు పక్కలూ నిండాక ఐదోది నుంచి జత చేయండి. బస్సులో కిటికీ సీట్లన్నీ నిండాకే పక్క సీట్లో కూర్చుంటాం కదా, అలాగన్నమాట.

కార్బన్‌కి నాలుగు ఒంటి చుక్కలు. నైట్రోజన్‌కి ఒక జత, మూడు ఒంటి చుక్కలు. ఆక్సిజన్‌కి రెండు జతలు, రెండు ఒంటి చుక్కలు. క్లోరిన్‌కి మూడు జతలు, ఒకే ఒంటి చుక్క. ఇక్కడ ఒక లాభం ఉంది: ఒంటి చుక్కలు ఎన్ని ఉంటే సాధారణంగా ఆ పరమాణువు అన్ని బంధాలు కడుతుంది. కార్బన్‌కి 4, నైట్రోజన్‌కి 3, ఆక్సిజన్‌కి 2, క్లోరిన్‌కి 1, హైడ్రోజన్‌కి 1. ఇంత చిన్న విషయంతో సగం బొమ్మలు సరిచూసుకోవచ్చు. హీలియం ఒక్కటే మినహాయింపు, దాని రెండు చుక్కలూ ఒకే పక్క జతగా ఉంటాయి.

ఈ చుక్కల పద్ధతి అమెరికా శాస్త్రవేత్త జి.ఎన్.లూయిస్ 1916లో పెట్టింది. వందేళ్లు దాటినా ఇంతకంటే చవకైన పద్ధతి రాలేదు, ఒక పెన్సిలుంటే చాలు.

జాగ్రత్త: లోపలి కర్పరాల ఎలక్ట్రాన్లకు చుక్కలు పెట్టొద్దు. సోడియం చుట్టూ 11 చుక్కలు పెట్టిన పేపర్లు ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.

4. ఇచ్చిపుచ్చుకోవడమా, ఉమ్మడి వాడకమా? ముందు తేల్చుకోండి

పరమాణువులు బంధం కట్టేది బయటి కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రాన్లు (హైడ్రోజన్‌కైతే రెండు) ఉండేలా చూసుకోవడానికే. లోహం, అలోహం కలిస్తే ఎలక్ట్రాన్లు ఒకరి నుంచి ఇంకొకరికి పోతాయి. అది అయానిక బంధం, 5వ మెట్టుకి వెళ్లండి. రెండూ అలోహాలైతే కలిసి పంచుకుంటాయి, అది సమయోజనీయ బంధం, 6వ మెట్టుకి వెళ్లండి. రెండూ లోహాలైతే, అంటే మన స్టీల్ ప్లాంటు సరుకులాంటివైతే, అది లోహ బంధం. దానికి ఈ చుక్కల బొమ్మ వేయరు.

బెరీలియం క్లోరైడ్, అల్యూమినియం క్లోరైడ్ లాంటి ఒకటి రెండు చోట్ల ఈ నియమం తప్పుతుంది. లోహమే అయినా పంచుకునే రకాలు అవి.

5. అయానిక బంధం

సోడియం క్లోరైడ్‌తో మొదలుపెడదాం, మన ఉప్పే. ఒక ప్లేట్లో సోడియం అని రాసి ఒక చింతపిక్క పెట్టండి. ఇంకో ప్లేట్లో క్లోరిన్ అని రాసి ఏడు బొత్తాలు పెట్టండి. ఇప్పుడు ఆ చింతపిక్కను తీసి బొత్తాల పక్కన పెట్టండి. క్లోరిన్‌కి ఎనిమిది అయ్యాయి, అందులో ఒకటి బయటి నుంచి వచ్చిందని చూడగానే తెలుస్తోంది. రెండు రకాల గింజలు ఎందుకన్నానో ఇప్పుడు అర్థమైందా? కాగితం మీద రెండు రంగుల పెన్నులు చేసే పని కూడా ఇదే.

కాగితం మీద వేసేటప్పుడు:

సోడియం గుర్తు రాసి చదరపు బ్రాకెట్ పెట్టి పైన + వేయండి, చుట్టూ చుక్కలుండవు. క్లోరిన్ గుర్తు చుట్టూ ఎనిమిది చుక్కలు పెట్టి బ్రాకెట్ వేసి పైన − వేయండి. రెండు బ్రాకెట్ల మధ్య గీత గీయకూడదు, చుక్కల జత పెట్టకూడదు. అక్కడ పంచుకున్నదేమీ లేదు.

"ఎలక్ట్రాన్ పోయింది కదా, మైనస్ రావాలి కదా" అని అడగనివాడు లేడు. ఎలక్ట్రాన్‌ని అప్పు కాగితం అనుకోండి. ఇంట్లోంచి అప్పు కాగితం బయటికి పోతే మీకు మంచిదే కదా, ప్లస్. కొత్త అప్పు కాగితం ఇంట్లోకి వస్తే మైనస్. సోడియంలో 11 ప్రోటాన్లు అలాగే ఉన్నాయి, ఎలక్ట్రాన్లు 10 అయ్యాయి, కాబట్టి +1.

ఇప్పుడు మెగ్నీషియం క్లోరైడ్. మెగ్నీషియం దగ్గర రెండున్నాయి, ఒక్కో క్లోరిన్‌కి ఒకటే కావాలి. కాబట్టి క్లోరిన్లు రెండు కావాలి. ఇక్కడ పడే తప్పు ఏంటంటే, రెండు క్లోరిన్లనీ జంటగా ఒకే బ్రాకెట్లో పెట్టి 2− అని రాస్తారు. అలా వద్దు. రెండు క్లోరైడ్ అయాన్లు (అయాన్ అంటే ఛార్జి వచ్చిన పరమాణువు లేదా పరమాణువుల గుంపు) విడివిడిగా, ఒక్కోటి సొంత బ్రాకెట్లో, సొంత మైనస్‌తో ఉండాలి. మధ్యలో మెగ్నీషియం 2+. అన్నట్టు, వానాకాలంలో మన ఊళ్లో డబ్బాలో గల్లుప్పు నీరు కారిపోతుంటుంది చూడండి, దానికి ముఖ్య కారణం అందులో కొద్దిగా కలిసి ఉండే ఈ మెగ్నీషియం క్లోరైడ్ లాంటి లవణాలే. గాలిలోని చెమ్మను లాగేస్తాయి.

అల్యూమినియం ఆక్సైడ్ ఇస్తే కంగారు పడకండి. అల్యూమినియం మూడు ఇస్తుంది, ఆక్సిజన్ రెండు తీసుకుంటుంది. 3, 2ల కసాగు 6. ఆరు ఇవ్వాలంటే రెండు అల్యూమినియాలు, ఆరు తీసుకోవాలంటే మూడు ఆక్సిజన్లు. మన పోర్టు నుంచి ఓడలెక్కే అల్యూమినా అంటే ఇదే.

సరిచూడటం: ప్లస్సులు, మైనస్సులు కూడితే సున్నా రావాలి. 2 × (+3) = +6, 3 × (−2) = −6. సరిపోయింది.

ఇంకో మాట, ఉప్పుని "సోడియం క్లోరైడ్ అణువు" అని రాయకండి. ఉప్పు స్ఫటికంలో ఒక్కో సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియం అయాన్లు ఉంటాయి. ఫలానా సోడియం ఫలానా క్లోరిన్‌దే అని జంట కట్టలేం. మనం గీసేది నిష్పత్తి మాత్రమే.

6. సమయోజనీయ బంధం: ముందు లెక్క, తర్వాతే బొమ్మ

ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే, కాబట్టి ఇక్కడ నిదానంగా వెళ్దాం. బొమ్మ గీయకముందే మూడు అంకెలు రాసుకోండి.

ఉన్నవి: అన్ని పరమాణువుల బయటి ఎలక్ట్రాన్ల మొత్తం.
కావలసినవి: ఒక్కో పరమాణువుకి 8 చొప్పున, హైడ్రోజన్‌కి మాత్రం 2.
బంధాలు: కావలసినవి లోంచి ఉన్నవి తీసేసి, 2తో భాగిస్తే వచ్చేది.

కార్బన్ డయాక్సైడ్ చూద్దాం. ఉన్నవి: 4 + 6 + 6 = 16. కావలసినవి: 8 × 3 = 24. తేడా 8, సగం చేస్తే 4. అంటే నాలుగు బంధాలు. కార్బన్‌కి అటూ ఇటూ రెండే ఆక్సిజన్లున్నాయి కాబట్టి ఒక్కోదానితో రెండేసి, అంటే రెండు ద్విబంధాలు. బట్టీ పట్టకుండానే ద్విబంధం వచ్చేసింది.

నీరు: ఉన్నవి 6 + 1 + 1 = 8. కావలసినవి 8 + 2 + 2 = 12. తేడా 4, బంధాలు 2.

నైట్రోజన్ అణువు: ఉన్నవి 10, కావలసినవి 16, తేడా 6, బంధాలు 3. రెండే పరమాణువులు కాబట్టి మూడూ వాటి మధ్యే, త్రిబంధం.

అమ్మోనియా: ఉన్నవి 5 + 3 = 8, కావలసినవి 8 + 6 = 14, బంధాలు 3.

ఎందుకిలా వస్తుందంటే ఇళ్ల మధ్య ఉమ్మడి గోడని తలచుకోండి. కాలనీల్లో పక్కపక్క ఇళ్లకి మధ్యలో ఒకటే గోడ ఉంటుంది. ఈ ఇంటివాళ్లూ "మాకు నాలుగు గోడలున్నాయి" అంటారు, ఆ ఇంటివాళ్లూ అదే అంటారు, కానీ మేస్త్రీ కట్టిన గోడలు లెక్కపెడితే ఎనిమిది కాదు, ఏడే. కావలసిన లెక్కకీ ఉన్న లెక్కకీ తేడా వచ్చేది ఆ ఉమ్మడి గోడ దగ్గరే. ఎలక్ట్రాన్ల జతా అంతే. ఒక్కో పరమాణువుకి ఎనిమిది అయ్యాయా అని చూసేటప్పుడు ఉమ్మడి జతని ఇద్దరికీ లెక్కపెట్టాలి, మొత్తం చూసేటప్పుడు ఒక్కసారే లెక్కపెట్టాలి. ఈ తేడా పట్టుబడితే ఈ పాఠంలో ఇక భయపడాల్సింది లేదు.

7. ఇప్పుడు గీయండి

మధ్యలో ఎవరిని పెట్టాలి? ఎక్కువ బంధాలు కట్టేవాడిని. కార్బన్ ఉంటే దాదాపు ఎప్పుడూ కార్బనే. హైడ్రోజన్‌ని మాత్రం మధ్యలో పెట్టకండి, అది కట్టేది ఒకటే బంధం, ఎప్పుడూ అంచునే ఉంటుంది. నీటికి హైడ్రోజన్, హైడ్రోజన్, ఆక్సిజన్ అని వరుసగా గీసేవాళ్లున్నారు, ఫార్ములా ఏ వరుసలో ఉంటే బొమ్మ కూడా ఆ వరుసలోనే ఉంటుందనుకుని.

లెక్కలో వచ్చిన బంధాలన్నీ ముందు పెట్టేయండి, ఒక్కో బంధానికి రెండు చుక్కలు. తర్వాత ఉన్నవాటిలోంచి వాడినవి తీసేయండి. కార్బన్ డయాక్సైడ్‌లో 16 లోంచి 8 పోగా 8 మిగిలాయి. వాటిని ఎనిమిది నిండని పరమాణువులకి జతలుగా ఇవ్వండి: ఒక్కో ఆక్సిజన్‌కి రెండు జతలు. ఇవే ఒంటరి జంటలు. కార్బన్‌కి ఇప్పటికే ఎనిమిది అయిపోయాయి కాబట్టి దానికేమీ రాదు.

ప్లేట్లతో చేసేవాళ్లు రెండు ప్లేట్ల అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కించి, ఉమ్మడి గింజలు ఆ ఎక్కిన చోట పెట్టండి. ఒక్కో జతలో ఒక చింతపిక్క, ఒక బొత్తం ఉంటే ఇద్దరూ చెరొకటి వేసుకున్నట్టు. ప్లేట్లు కదిలి గింజలు జారిపోతుంటే కాగితమే మేలు. మా ఇంట్లో ఫ్యాన్ వేస్తే సగం నిర్మాణం ఎగిరిపోతుంది.

8. సరిచూసుకోండి. ఇది దాటేయొద్దు

వేలు పెట్టి మరీ లెక్కపెట్టండి, కళ్లతో చూసి సరే అనుకోవద్దు.

మొదట, బొమ్మలోని చుక్కలన్నీ ఒక్కొక్కసారే లెక్కపెట్టండి. "ఉన్నవి" అని రాసుకున్న అంకె రావాలి. తర్వాత, ఒక్కో పరమాణువు చుట్టూ వేలితో గుండ్రంగా గీత గీసినట్టు తిప్పి, లోపల పడ్డవన్నీ లెక్కపెట్టండి, ఉమ్మడివి కూడా. 8 రావాలి, హైడ్రోజన్‌కి 2. ఆఖరున, ఛార్జి లేని అణువైతే బంధాల సంఖ్య చూడండి: కార్బన్‌కి 4, నైట్రోజన్‌కి 3, ఆక్సిజన్‌కి 2.

ఏ పరీక్ష తప్పితే ఎక్కడ వెతకాలో కూడా చెబుతాను. మొత్తం తక్కువ వచ్చింది కానీ బంధాలు బాగున్నాయి అంటే ఒంటరి జంటలు మర్చిపోయారు. నైట్రోజన్ అణువుకి మూడు బంధాలు గీసి పెన్ను కింద పెట్టేసేవాళ్లంతా ఈ కోవే, 10కి బదులు 6 వస్తాయి, రెండు పక్కలా చెరో జత పెట్టాలి. మొత్తం ఎక్కువ వచ్చిందంటే ద్విబంధం వేయాల్సిన చోట ఏకబంధం వేసి, ఎనిమిది నింపడానికి లేని చుక్కలు సృష్టించారన్నమాట. కార్బన్ డయాక్సైడ్‌ని ఏకబంధాలతో వేసి అందరికీ ఎనిమిదేసి నింపితే 20 వస్తాయి, ఉన్నవేమో 16. ఆ నాలుగు ఎక్కడివి?

అయాన్ ఇస్తే ఒక్కటే అదనపు పని. ప్లస్ ఉంటే "ఉన్నవి" లోంచి అన్ని తీసేయండి, మైనస్ ఉంటే కలపండి. హైడ్రాక్సైడ్: 6 + 1 + 1 = 8, కావలసినవి 10, బంధం 1. మిగిలిన ఆరూ ఆక్సిజన్ చుట్టూ మూడు జంటలు. బొమ్మకి బ్రాకెట్, పైన − మర్చిపోకండి, అరమార్కు దానిదే.

ఆకృతి గురించి రెండు ముక్కలు

చుక్కల బొమ్మ ఎలక్ట్రాన్ల లెక్క చెబుతుంది, అణువు ఏ ఆకారంలో ఉందో చెప్పదు. నీటిని కాగితం మీద అడ్డంగా తిన్నగా గీసినా లెక్కల మార్కులొస్తాయి, కానీ ఆకృతి అడిగితే వంగినట్టు గీయాలి, కోణం 104.5 డిగ్రీలు. మీథేన్‌లో 109.5, అమ్మోనియాలో దాదాపు 107. ఒంటరి జంటలు ఎక్కువ చోటు ఆక్రమించి బంధాలను పక్కకి నెడతాయి, అందుకే ఒంటరి జంటలు పెరిగేకొద్దీ కోణం తగ్గుతూ వచ్చింది.

లెక్క మొండికేసే చోట్లు

బోరాన్ ట్రైఫ్లోరైడ్‌కి పై లెక్క వేస్తే 4 బంధాలొస్తాయి, పుస్తకంలో 3 ఉంటాయి. బోరాన్ ఆరింటితోనే సర్దుకుంటుంది, పుస్తకంలో ఉన్నట్టే రాయండి. ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్‌లో చుట్టూ ఐదు క్లోరిన్లుంటే లెక్క 4 బంధాలే ఇస్తుంది, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌లోనూ అదే తంతు. బంధాల సంఖ్య చుట్టూ ఉన్న పరమాణువుల కంటే తక్కువ వచ్చిందంటే మధ్యలో ఉన్నది 8 దాటుతోందని అర్థం. నైట్రిక్ ఆక్సైడ్‌కి లెక్క వేస్తే రెండున్నర బంధాలొస్తాయి, మీ తప్పేం కాదు, దాంట్లో ఉన్నవి 11, బేసి సంఖ్య. వీటిని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి, తక్కినవాటికి లెక్క పనిచేస్తుంది.

ఇంట్లో ఉప్పునీళ్ల పరీక్ష

అయాన్లు నిజంగా ఉన్నాయని నమ్మకం కుదరాలంటే ఇది చేసి చూడండి. కావలసినవి: 9 వోల్టుల బ్యాటరీ ఒకటి, ఎర్ర ఎల్ఈడీ, 470 ఓమ్‌ల రెసిస్టర్, వైరు ముక్కలు, రెండు వైపులా చెక్కిన రెండు పెన్సిళ్లు, గాజు గ్లాసులు, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్.

హెచ్చరిక: గోడ ప్లగ్గు కరెంటుతో ఈ పని ఎప్పుడూ, ఎవరూ చేయకూడదు. బ్యాటరీతో మాత్రమే.

బ్యాటరీ ప్లస్ నుంచి రెసిస్టర్, దాని నుంచి ఎల్ఈడీ పొడుగు కాలు, పొట్టి కాలు నుంచి ఒక పెన్సిల్ ములుకు. బ్యాటరీ మైనస్ నుంచి రెండో పెన్సిల్ ములుకు. ముందు రెండు పెన్సిళ్ల కింది మొనలనూ ఒకదానికొకటి తాకించండి, లైటు వెలగాలి. వెలగకపోతే ఎల్ఈడీ కాళ్లు తిరగబడ్డాయేమో చూడండి. ఈ ముందస్తు పరీక్ష చేయకుండా నీళ్లలో పెట్టి "ఉప్పునీళ్లలో కరెంటు పోవట్లేదు" అని తేల్చేసినవాళ్లు ఉన్నారు.

తర్వాత మొనలను సెంటీమీటరు ఎడంలో ఉంచి ఒక్కోదాంట్లో ముంచండి. డిస్టిల్డ్ వాటర్‌లో వెలగదు. అందులో చెంచాడు పంచదార కలిపినా వెలగదు, పంచదార అణువులుగానే కరుగుతుంది, అయాన్లుగా విడిపోదు. ఇంకో గ్లాసులో చెంచాడు ఉప్పు కలిపితే చక్కగా వెలుగుతుంది. కావాలంటే పెద్దవాళ్లతో వెళ్లి ఆర్కే బీచ్ నుంచి సీసాడు నీళ్లు తెచ్చుకోండి, అందులో ఉప్పు కలపక్కర్లేదు. పది పదిహేను సెకన్లు చాలు, ఎక్కువసేపు ఉంచితే ఒక మొన దగ్గర క్లోరిన్ వాసన మొదలవుతుంది. కిటికీ తీసి ఉంచండి.

పొడి ఉప్పులో గుచ్చితే వెలగకూడదు, అయాన్లు ఉన్నా కదలలేవు కాబట్టి. కానీ మన ఊళ్లో ఇదొక చిక్కు: డబ్బాలో ఉప్పు ఎప్పుడూ కాస్త చెమ్మగా ఉంటుంది, మసకగా వెలిగి మిమ్మల్ని అయోమయంలో పడేస్తుంది. బాణలిలో కాసేపు వేయించి, పూర్తిగా చల్లారాక పెట్టండి. కుళాయి నీళ్లలో మసకగా వెలిగినా ఆశ్చర్యం లేదు, వాటిలోనూ కొన్ని లవణాలుంటాయి. నిమ్మరసంలో కూడా కొద్దిగా వెలగొచ్చు, ఆమ్లాలు సమయోజనీయమే అయినా నీళ్లలో కొంత అయాన్లుగా విడిపోతాయి.

చేసి చూడండి, జవాబులు పక్కనే

హైడ్రోజన్ పెరాక్సైడ్, మందుల షాపులో దొరికే పుండ్లు కడిగే ద్రావణం: ఉన్నవి 14, కావలసినవి 20, బంధాలు 3. రెండు ఆక్సిజన్లు మధ్యలో, హైడ్రోజన్లు చివర్లో. ఒక్కో ఆక్సిజన్‌కి రెండు ఒంటరి జంటలు.

ఎథిలీన్, అరటి గెలల్ని ముగ్గబెట్టే వాయువు: ఉన్నవి 12, కావలసినవి 24, బంధాలు 6. హైడ్రోజన్లకి నాలుగు పోగా కార్బన్ల మధ్య రెండు.

ఎసిటిలీన్, ఆటోనగర్లో గ్యాస్ వెల్డింగ్ దగ్గర మండేది: ఉన్నవి 10, కావలసినవి 20, బంధాలు 5. హైడ్రోజన్లకి రెండు, కార్బన్ల మధ్య మూడు. మిగిలినవి సున్నా, ఒంటరి జంటలు పెట్టకండి.

కార్బన్ టెట్రాక్లోరైడ్: ఉన్నవి 32, కావలసినవి 40, బంధాలు 4, మిగిలినవి 24. నాలుగు క్లోరిన్లకీ మూడేసి జంటలు. ఈ జంటలు మర్చిపోయినవాళ్లు మళ్లీ 8వ మెట్టు చదవండి.

ఆఖరిది కాస్త కష్టం: అమ్మోనియం క్లోరైడ్. రాగి, ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాళ్లు వాడే నవాసాగరం. ఇందులో లోహమే లేదు కాబట్టి మొత్తం సమయోజనీయమే అని మొదలుపెడితే ఇరుక్కుంటారు. దీన్ని రెండు ముక్కలుగా విడదీయండి. అమ్మోనియం అయాన్: 5 + 4 − 1 = 8 ఉన్నవి, 16 కావలసినవి, నాలుగు బంధాలు, ఒంటరి జంట లేదు, బ్రాకెట్, +. నాలుగో బంధానికి రెండు చుక్కలూ నైట్రోజన్‌వే, కాబట్టి నైట్రోజన్‌కి బొత్తాలు వాడితే అక్కడ రెండు బొత్తాలు పెట్టాలి, చింతపిక్క కాదు. పక్కన క్లోరైడ్: ఎనిమిది చుక్కలు, బ్రాకెట్, −. లోపల పంచుకోవడం, బయట ఇచ్చిపుచ్చుకోవడం, రెండూ ఒకే పదార్థంలో ఉన్నాయి. మొత్తం చుక్కలు 16 వచ్చాయా? మొదట్లో ఉన్నవి 5 + 4 + 7, అవీ 16.